తూకం ముల్లు కదలనప్పుడు: ఒక్కో మార్పునే పట్టి చూసే పద్ధతి

మూడు నాలుగు నెలల్లో ఆరేడు కిలోలు తగ్గి, ఆ తర్వాత అక్కడే ఆగిపోయినవాళ్లు చాలామంది ఒకేసారి నాలుగు పనులు మొదలుపెడతారు. రాత్రి అన్నం మానేస్తారు, పరగడుపున జీలకర్ర నీళ్లు తాగుతారు, కాఫీలో చక్కెర తీసేస్తారు, అలిపిరి మెట్లెక్కుతారు. పది రోజుల్లో కిలో తగ్గితే అది దేనివల్లో తెలియదు. తగ్గకపోతే విసుగొచ్చి నాలుగింటినీ వదిలేస్తారు, అందులో పనికొచ్చేది ఒకటున్నా దానితో పాటే పోతుంది. అందుకే ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. ఎంత తగ్గాలో ముందే లెక్క వేసుకోవాలి. ఆ లెక్క తేలేంత గడువు ఇవ్వాలి. తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో రోజూ వండుకునే వాటితోనే ఈ పరీక్షలన్నీ చేసుకోవచ్చు. పొడులూ డబ్బాలూ కొనే పని లేదు.

నిజంగా ఆగిందా, ఆగినట్టు కనిపిస్తోందా

పది రోజులు ముల్లు కదలకపోతే ఆగిపోయినట్టు కాదు. నాలుగు వారాల పాటు వారం సగటు రెండు మూడు వందల గ్రాముల తేడాలోనే ఉండి, నడుము కొలత కూడా మారకపోతే అప్పుడు ఆగిందనాలి. అంతకుముందు పరీక్షలు మొదలుపెడితే లేని జబ్బుకు మందు వేసినట్టే.

వారం సగటు కావాలంటే రోజూ తూగాలి. పొద్దున లేచి దొడ్డికి వెళ్లొచ్చాక, కాఫీ కాదుకదా నీళ్లు కూడా తాగకముందు, ఒకే రకం బట్టల్లో తూగండి. తూకం మిషన్ చాప మీద, దుప్పటి మీద పెట్టకూడదు. గచ్చు మీద లేదా టైల్స్ మీద, రోజూ ఒకే చోట ఉండాలి. మిషన్ మీద అనుమానముంటే విప్పని 25 కిలోల బియ్యం బస్తా పెట్టి చూడండి. రెండు మూడు సార్లు దించి పెట్టినా అదే అంకె వస్తే చాలు, అరకిలో ఎక్కువతక్కువ చూపించినా ఫరవాలేదు. మనకు కావలసింది తేడా కాబట్టి, మిషన్ ఎప్పుడూ ఒకే తప్పు చేస్తే ఇబ్బంది లేదు, రోజుకో తప్పు చేస్తేనే ఇబ్బంది. అంకెను గోడ మీది దేవస్థానం క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాసేయండి. తర్వాత రాద్దామనుకుంటే మర్చిపోతారు.

ఒక ఉదాహరణ చూడండి. మొదటి వారం అంకెలు 74.2, 74.9, 74.0, 73.8, 74.6, 74.3, 74.1. వీటి సగటు 74.27. రెండో వారం 73.9, 74.4, 75.1, 74.3, 73.8, 73.7, 73.9. సగటు 74.16. రెండో వారం మూడో రోజు 75.1 చూసినవాళ్లు మొదటి వారం మొదటి రోజుతో పోల్చుకుని 900 గ్రాములు పెరిగామని బెంబేలెత్తిపోతారు. సగటు మాత్రం 110 గ్రాములు తగ్గింది. రోజు అంకె రాసుకోవడానికి, సగటు నమ్మడానికి.

ఆ 75.1 ఎక్కడినుంచి వచ్చింది? ఎక్కువగా నీళ్ల నుంచి. ముందురోజు ఆవకాయ, అప్పడాలు, పొడి కారం ఎక్కువ తింటే ఉప్పు నీళ్లను పట్టి ఉంచుతుంది. కొన్నాళ్లు అన్నం తగ్గించి ఒకరోజు పొట్టనిండా తిన్నా అంతే. కాలేయంలో, కండరాల్లో దాచుకునే పిండిపదార్థం ఒక గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీళ్లను వెంట తెచ్చుకుంటుంది. మలబద్ధకం ఉన్నా తూకం పెరుగుతుంది. అన్నిటికంటే ఎక్కువమంది పొరబడేది మెట్ల దగ్గర. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. అలవాటు లేని కాళ్లతో ఒక్కసారి ఎక్కితే పిక్కలు, తొడలు నొప్పి పట్టిన మూడు నాలుగు రోజులూ ఆ కండరాలు నీళ్లు పట్టి వాస్తాయి. కొండెక్కి వచ్చాక కిలో పెరిగామే అని దిగులుపడకండి, అది కొవ్వు కాదు. ఆ రోజుల అంకెల పక్కన ఒక చుక్క పెట్టి, ఆ వారం సగటును పరీక్ష లెక్కకు వాడకండి.

నెలసరి వచ్చే ఆడవాళ్లకు మరో జాగ్రత్త ఉంది. నెలసరికి ముందు వారంలో కిలో, ఒక్కొక్కరిలో కిలోన్నర నీరు చేరుతుంది. ఆ వారాన్ని ముందు వారంతో పోలిస్తే తగ్గిన కొవ్వు ఆ నీటి వెనక దాక్కుంటుంది. పోయిన నెల అదే వారంతో పోల్చాలి. అందుకే వీళ్లు ఏ పరీక్షనైనా నాలుగు వారాలు నడపాలి, మూడు వారాలు చాలవు.

నడుము కొలత వారానికి ఒకసారి చాలు. కింది పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ సరిగ్గా మధ్యలో టేపు పెట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడండి. టేపు ఒంటికి ఆనాలి తప్ప నొక్కకూడదు. తూకం కదలకపోయినా నెలలో రెండు సెంటీమీటర్లు తగ్గితే మీరు ఆగిపోలేదు. ఏమీ మార్చకుండా అలాగే కొనసాగండి.

ఎందుకు ఆగుతుంది

ఒళ్లు తగ్గితే దాన్ని మోసే ఖర్చూ తగ్గుతుంది. తగ్గిన ప్రతి కిలోకూ రోజు ఖర్చు సుమారు 20–30 కేలరీలు తగ్గుతుంది. ఎనిమిది కిలోలు తగ్గినవాళ్లకు అది రోజుకు రెండొందల దగ్గర. దీనికి తోడు ఆకలి పెరుగుతుంది, అది ఖర్చు తగ్గినదానికి మూడు రెట్ల పైన. మొదట్లో కొలిచి పెట్టుకున్న అన్నం నాలుగో నెలకు కంటి అంచనాకు వస్తుంది, ఆ అంచనా ఆకలి వైపే మొగ్గుతుంది. కూర్చున్నచోటి నుంచి లేవడం కూడా తెలియకుండానే తగ్గుతుంది. కాబట్టి పరీక్ష జరిగినన్నాళ్లూ ఫోన్‌లో అడుగుల లెక్క చూసుకుంటూ నడకను మునుపటి స్థాయిలోనే ఉంచండి. తిండి మార్చిన వారమే నడక కూడా పెంచితే పరీక్ష చెడినట్టే.

మొదటి వారం: ఏమీ మార్చకుండా కొలవడం

చాలామంది దాటేసే మెట్టు ఇదే. నిజానికి సగం మంది సమస్య ఇక్కడే తేలిపోతుంది. ఒక గ్రాము వరకు చూపించే వంటింటి త్రాసు, 5 మి.లీ., 15 మి.లీ. కొలత చెంచాలు, ఖాళీ నూనె సీసా ఒకటి సిద్ధం చేసుకోండి. ఏడు రోజులు ఇప్పుడు తింటున్నదే తినండి, కాకపోతే తూచి రాయండి. పిల్లల పళ్లెంలో మిగిలిన ముద్ద, ఉప్పు చూడ్డానికి నోట్లో వేసుకున్న చెంచా, అంగట్లో రుచికి ఇచ్చిన కారపు చిరుతిండి, గుడి దగ్గర దొన్నెలో పెట్టిన పులిహోర, అన్నీ రాయాలి. ఆ ఏడు రోజుల తూకం సగటే మీ పునాది అంకె.

సంగటి కొలిచేటప్పుడు జాగ్రత్త. ముద్ద తూకం చూసి కేలరీలు చెప్పలేం, ఎందుకంటే ఒక్కో ఇంట్లో ఎసరు ఒక్కో కొలత. పొడి దినుసుల నుంచి లెక్క కట్టాలి. ఉదాహరణకు బియ్యపు నూకలు 150 గ్రాములు, రాగిపిండి 250 గ్రాములు వేస్తే నూకలకు సుమారు 525, పిండికి 800, మొత్తం 1,325 కేలరీలు. గెలికి దించాక గిన్నె తూకం తీసేసి సంగటి మొత్తాన్ని తూయండి. 1,600 గ్రాములు వచ్చిందనుకుంటే, వంద గ్రాముల సంగటిలో 83 కేలరీలు. 300 గ్రాముల ముద్దకు దాదాపు 250. రెండు ముద్దలు తింటే 500. గట్టిగా గెలికి 1,300 గ్రాములే వస్తే అదే 300 గ్రాముల ముద్ద 305 అవుతుంది. రోజూ తూయక్కర్లేదు. మీ ఇంటి కొలతకు ఒకసారి లెక్క కట్టి వంటింటి తలుపు లోపల అంటించుకుంటే చాలు.

రాగి సంగటి తింటే దానంతట అదే బరువు తగ్గిపోతుందనే నమ్మకం మన వైపు గట్టిగా ఉంది. వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 320 కేలరీలు, వంద గ్రాముల బియ్యంలో 350. తేడా అంతే. రాగిలో పీచు, క్యాల్షియం ఎక్కువ, కడుపు నిండుగా ఉంటుంది, అది నిజమైన మేలు. అయితే అన్నం మాని మూడు ముద్దలు తింటే ముల్లు కదలదు.

అన్నం కూడా ఇదే తీరు. బియ్యం వండాక రెండున్నర, మూడు రెట్లు తూగుతుంది. వండిన అన్నం వంద గ్రాములకు 120–130 కేలరీలు వేసుకోండి. మీ గరిటెతో ఒక గరిటె ఎన్ని గ్రాములో ఒక్కసారి తూచి పెట్టుకుంటే తర్వాత గరిటెల్లో లెక్క చెప్పుకోవచ్చు.

నూనెను చెంచాలతో కొలుస్తామంటే వంట చేసేవాళ్లకు చిరాకు. దానికి సులువు దారి సీసా. ఆదివారం రాత్రి ఒక లీటరు నూనె వేరే సీసాలో పోసి, ఆ వారం ఇంట్లో ఏ వంటకైనా అందులోంచే వాడండి. వచ్చే ఆదివారం మిగిలింది కొలవండి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు. నలుగురున్న ఇంట్లో వారానికి లీటరు అయిపోతే మనిషికి రోజుకు ముప్పై రెండు గ్రాముల పైన, అంటే 290 కేలరీలు నూనె నుంచే. అప్పడాలు, వడలు వేయించిన వారమైతే బాణలిలో మిగిలిన నూనెను చల్లారాక తూచి తీసేయండి. నెయ్యి కూడా ఇదే లెక్కలోకి రావాలి. గానుగ నూనె అయితే తేలికని కొందరంటారు. గానుగదైనా ప్యాకెట్‌దైనా కొవ్వు గ్రాముకు తొమ్మిది కేలరీలే. చక్కెర బదులు బెల్లం వేసుకున్నా అంతే, రెండూ గ్రాముకు నాలుగుకు అటూ ఇటూ.

వారం చివర లెక్క చూసుకుంటే, మీరు తింటున్నామనుకున్నదానికి రెండు మూడు వందలు ఎక్కువ తేలే అవకాశం బాగా ఉంది. అలా తేలితే కొత్త పరీక్ష వద్దు. మొదట అనుకున్న కొలతకే తిరిగి వచ్చి మూడు వారాలు చూడండి.

పందెం ముందే రాసుకోండి

శరీరంలో కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. మార్పు రోజుకు 150 కేలరీలది అనుకుందాం. మూడు వారాలు నడిపి, మూడో వారం సగటును పునాది వారం సగటుతో పోల్చండి. మొదటి రెండు వారాల అంకెలు రాసుకోవాలి కానీ వాటితో తీర్పు చెప్పకూడదు, నీళ్ల గొడవ అప్పుడే ఎక్కువ. పరీక్ష మొదలైననాటి నుంచి మూడో వారం నడిమధ్యకు పదిహేడున్నర రోజులు. 17.5ను 150తో గుణిస్తే 2,625, దాన్ని 7,700తో భాగిస్తే 340 గ్రాములు. ఇదే మీ పందెం. క్యాలెండర్‌లో ఆ వారం పక్కన "340" అని రాసి పెట్టుకోండి. ముందే రాసుకోకపోతే 100 గ్రాములు తగ్గినా గెలిచామనిపిస్తుంది, 300 తగ్గినా చాలలేదనిపిస్తుంది.

రోజుకు యాభై కేలరీల మార్పులు ఎందుకు పనికిరావో ఈ లెక్కతోనే తెలుస్తుంది. యాభైతో మూడు వారాల్లో తేలేది 110 గ్రాములు. సగటుకు కూడా అంత ఊగిసలాట సహజం, కాబట్టి తేడా కనబడదు. అవి చెడ్డ మార్పులని కాదు, ఒంటరిగా పరీక్షకు నిలవవు. నూటయాభై నుంచి రెండొందల మధ్య ఉన్నది ఎంచుకోండి. ఐదొందలు కోసేస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది గానీ రెండో వారానికే ఆకలి తట్టుకోలేక రాత్రి పదకొండుకు బొరుగుల డబ్బా తెరుస్తారు.

మొదట ఏది పట్టుకోవాలి

కాఫీ, టీతో మొదలుపెట్టండి. కడుపు నింపని కేలరీలు ఇవే కాబట్టి తీసేసినా ఆకలి పెరగదు. పాల ప్యాకెట్ మీద కొవ్వు శాతం చూడండి. ఫుల్ క్రీమ్‌కు 6 శాతం, టోన్డ్‌కు 3, డబుల్ టోన్డ్‌కు 1.5. ఫుల్ క్రీమ్ పాలు వంద మి.లీ.కు 87 కేలరీల దగ్గర, డబుల్ టోన్డ్‌కు 46. ఒక కాఫీకి వంద మి.లీ. ఫుల్ క్రీమ్ పాలు, రెండు చిన్న చెంచాల చక్కెర అయితే 127. రోజుకు మూడంటే 380. పాలు డబుల్ టోన్డ్‌కు మార్చి, చక్కెర ఒక చెంచా చేస్తే కాఫీ ఒకటికి 66, మూడింటికి 198. రోజుకు 180 ఆదా, పందెం 410 గ్రాములు. ఇంట్లో పాడి ఉండి పాలు కొనని వాళ్లు కాచి చల్లార్చి, పైన కట్టిన మీగడ తీసేసి, కాఫీకి అరవై మి.లీ. పాలు, మిగతాది డికాషన్, నీళ్లు చేసుకోవచ్చు. పాలు పలచన చేసినరోజే చక్కెర పూర్తిగా మానకండి. కాఫీ రుచి చెడితే పక్కన బిస్కెట్ చేరుతుంది, రెండు బిస్కెట్లతో ఆ ఆదా సగం పోతుంది. ఎండాకాలంలో నన్నారి షర్బత్, చెరకు రసం, బాదం పాలు కూడా ఈ పద్దులోనే వేసుకోవాలి. నన్నారి మానలేకపోతే సిరప్ రెండు చిన్న చెంచాలకు దించి, నిమ్మకాయ, నీళ్లు ఎక్కువ పోసుకోండి.

తర్వాత నూనె. నలుగురికి వారానికి లీటరు వాడే ఇంట్లో 600 మి.లీ.కు దించితే మనిషికి రోజుకు 13 గ్రాములు, 117 కేలరీలు తగ్గుతాయి. నూటయాభై కన్నా తక్కువ కాబట్టి దీన్ని నాలుగు వారాలు నడపండి, పందెం 370 గ్రాములు. ఆదివారం సీసాలో 600 మాత్రమే పోయండి, అయిపోతే ఆ వారానికి అంతే. ఒంటరిగా చెంచాలు లెక్కపెట్టుకోవడం కంటే ఇంటిల్లిపాదికీ ఒక సీసా నియమం బాగా నిలుస్తుంది. తాలింపుకు రెండు చిన్న చెంచాలు చాలు. ఉల్లిపాయ అడుగంటుతుంటే నూనె పోయకుండా రెండు చెంచాల నీళ్లు చిలకరించి మూత పెట్టండి. దోసెకు బాగా అలవాటుపడిన ఇనుప పెనం అయితే సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి రుద్దితే సరిపోతుంది. అప్పడం నిప్పుల మీద కాల్చుకోండి. ఇంట్లో తగ్గించి సాయంత్రం బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తింటే ఈ పరీక్షకు అర్థం లేదు. హోటల్ తిండి పూర్తిగా మానాల్సిన పని లేదు. పునాది వారంలో ఎన్నిసార్లు తిన్నారో పరీక్షలోనూ అన్నిసార్లే, అదే ఐటమ్ తినండి.

మన ప్రాంతంలో పరీక్షించి తీరాల్సింది ఇంకొకటుంది, చెనిక్కాయల (వేరుశెనగ) చట్నీ. మనకు చట్నీ నంజుకునేది కాదు, కలుపుకుని తినేది. ఇడ్లీకి, దోసెకు, సంగటికి ఊరిబిండి అంటూ పొద్దునా రాత్రీ కలిపి మనిషికి 40 గ్రాముల పప్పులు తేలిగ్గా అవుతాయి. అది 220 కేలరీల పైమాటే. చెనిక్కాయలు మంచి తిండే, మాంసకృత్తులు కూడా బాగానే ఉంటాయి, మానేయమని చెప్పడం లేదు. టమోటాలు పావుకిలో, పచ్చిమిరపకాయలు ఆరేడు, చింతపండు కొంచెం ఒక చెంచా నూనెలో మగ్గించి, మనిషికి 12 గ్రాముల చొప్పున వేయించిన పప్పులు కలిపి కచ్చాపచ్చాగా నూరండి. చట్నీ పరిమాణం తగ్గదు, కేలరీలు నూటయాభై తగ్గుతాయి. పప్పులు తగ్గించి ఆ స్థానంలో కొబ్బరి వేస్తే మాత్రం మళ్లీ మొదటికే వస్తుంది.

సంగటి తినేవాళ్లకు రాత్రి పూట మార్పు సులువు. 600 గ్రాములు తినేచోట 400కు దిగితే 165 కేలరీలు తగ్గుతాయి. ముద్దను చేత్తో కట్టకుండా త్రాసు మీదే కట్టండి. ఖాళీ అయిన చోట ఆకుకూర పులుసు, పలచని మజ్జిగ. అన్నం తినేవాళ్లు వంద గ్రాముల అన్నం తీసి నూటయాభై గ్రాముల బీరకాయో, సొరకాయో, గోరుచిక్కుడో పెట్టుకుంటే కడుపు సంగతి సరిపోతుంది. లెక్క మాత్రం కూరలోని నూనె మీద ఆధారపడుతుంది. గోరుచిక్కుడు వేపుడులో ఒక పెద్ద చెంచా నూనె, అంటే 15 మి.లీ., ఎక్కువ పడితే 120 కేలరీలు వచ్చి కూర్చుంటాయి, అన్నం తీసి ఆదా చేసిన 125 అక్కడే పోతుంది. కూర పెంచినా నూనె పెంచకండి. రాత్రి అన్నం మాని చపాతీకి మారడం మీద చాలామందికి ఆశ. నూనె వేసి కాల్చిన మూడు చపాతీలు, కుర్మా కలిపితే మానేసిన అన్నం కంటే ఎక్కువే.

పొద్దుటి టిఫిన్‌లో మాంసకృత్తులు పెంచే పరీక్ష తీరు వేరు. నాలుగు ఇడ్లీల బదులు రెండు ఇడ్లీలు, రెండు ఉడికించిన గుడ్లు తింటే కేలరీలు దాదాపు అంతే. మాంసకృత్తులు మాత్రం ఏడు గ్రాముల నుంచి పదిహేనుకు పెరుగుతాయి. గుడ్డు తినని వాళ్లకు 40 గ్రాముల ఉలవలతో గుగ్గిళ్లు. రాత్రి నానబెట్టి కుక్కర్‌లో మెత్తగా ఉడికించి తాలింపు పెడితే 130 కేలరీలు, ఎనిమిది గ్రాముల పైన మాంసకృత్తులు. ఉలవచారు తాగితే చాలనుకోవద్దు, మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుంది. కడుపుబ్బరం ఉన్నవాళ్లు మొదటి వారం 20 గ్రాములతో మొదలుపెట్టాలి. ఈ పరీక్షలో పందెం గ్రాముల్లో వేయలేం. పదకొండు గంటలకు ఆకలిని సున్నా నుంచి ఐదు వరకు అంకె వేసి రాయండి, మధ్యలో తిన్న చిరుతిండి రాయండి. ఆ చిరుతిండి తగ్గితేనే తూకం తగ్గుతుంది. ఆకలి తగ్గినా అలవాటుగా పదకొండింటికి వడ తింటూ ఉంటే ఫలితం రాదు.

రాత్రి ఏడులోపు తినేయడం గురించి అడిగేవాళ్లు ఎక్కువ. గడియారం మార్చినంత మాత్రాన పెద్దగా ఏం జరగదు. టీవీ ముందు తొమ్మిది తర్వాత తినే అలవాటు ఉన్నవాళ్లకే అది ఉపయోగం, ఆ తినడం ఆగిపోతుంది కాబట్టి.

ఆదివారం, ఒక్కపొద్దు, ప్రసాదం

ఆరు రోజులు రోజుకు 200 తగ్గిస్తే వారానికి 1,200. ఆదివారం ఒక ప్లేటు బిర్యానీ, నాలుగు వేపుడు ముక్కలు, సాయంత్రం ఐస్‌క్రీం కలిస్తే అందులో వెయ్యి ఒక్క పూటలో తిరిగొస్తుంది. ఆదివారం కూడా తూచి రాయండి, తూకం సగటు ఏడు రోజులదే కావాలి.

శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు ఆ ఒక్క పూటతో పాటు రాత్రి టిఫిన్ ఎంత అవుతోందో చూసుకోవాలి. పగలంతా అన్నం మానిన ధైర్యంతో రాత్రి నాలుగు నెయ్యి దోసెలు తింటే మామూలు రోజు కంటే ఎక్కువే అవుతుంది. ఒక్కపొద్దు మానాల్సిన అవసరం లేదు. పునాది వారంలో ఉన్నట్టే పరీక్ష వారాల్లోనూ ఉండనివ్వండి.

తిరుమల చిన్న లడ్డూ ఒకటి సుమారు 175 గ్రాములు. నెయ్యి, చక్కెర, శెనగపిండి కలిసి అందులో 700 కేలరీలు దాటుతాయి. ప్రసాదాన్ని కాదనక్కర్లేదు, చిటికెడు కళ్లకద్దుకుని తిన్నా ప్రసాదమే. ఇంటికి వచ్చిన లడ్డూలను వచ్చినరోజే చుట్టుపక్కల పంచేయండి. ఫ్రిజ్‌లో పెడితే రోజుకో పావు చొప్పున, పావుకు 180 వంతున, పరీక్ష మొత్తాన్ని మింగేస్తాయి.

పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు, కొత్త పరీక్ష మొదలుపెట్టకండి. నీచు మానేయడంతో మాంసకృత్తులు పడిపోతాయి, శనివారాలు స్వామికి పెట్టే తళిగల (నైవేద్యాల)తో వడ, పాయసం, పులిహోర చేరతాయి. తేడా దేనివల్లో తేలదు. సంక్రాంతి వారం, మే నెల గంగమ్మ జాతర వారం కూడా అంతే. ఆ రోజుల్లో తూకం రాసుకుంటూ ఉంటే చాలు.

ఫలితం చదవడం

పందెంలో మూడింట రెండొంతులు తగ్గితే, అంటే 340కి 230 గ్రాములు తగ్గినా, మార్పు పనిచేసినట్టే. దాన్ని అలవాటుగా ఉంచేసి, తాజా సగటును కొత్త పునాదిగా తీసుకుని తర్వాతి మార్పుకు వెళ్లండి. వంద, రెండొందల మధ్య ఉంటే ఇంకో వారం పొడిగించండి. అసలు తగ్గకపోతే ముందు నోటుబుక్ చూడండి. ఇరవై ఒక్క రోజుల్లో ఎన్ని రోజులు నియమం పాటించారు? పద్దెనిమిది కంటే తక్కువైతే ఓడింది మార్పు కాదు, పరీక్షే జరగలేదు. మీ రోజువారీ జీవితంలో ఆ మార్పు ఇమడదని మాత్రం తెలిసింది, కాబట్టి వేరేది ఎంచుకోండి. పద్దెనిమిది దాటి పాటించినా కదలకపోతే, తీసేసిన కేలరీలు ఇంకో దారిలో లోపలికి వస్తున్నాయి. కాఫీ పరీక్షలో బిస్కెట్, నూనె పరీక్షలో బజ్జీ, సంగటి పరీక్షలో పడుకోబోయే ముందు అరటిపండు, బొరుగులు ఇలాగే దూరుతాయి. మూడు రోజులు మళ్లీ అన్నీ తూచి రాస్తే ఆ దారి కనబడుతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మార్పులు ఒకదాని మీద ఒకటి చేర్చుకుంటూ పోయి ఆడవాళ్లు రోజుకు 1,200, మగవాళ్లు 1,500 కేలరీల కిందకు సొంతంగా దిగకూడదు. జుట్టు రాలడం, తల తిరగడం, నెలసరి తప్పడం, ఎప్పుడూ చలిగా ఉండడం మొదలైతే పరీక్ష ఆపేయాలి.

వైద్యుడితో మాట్లాడాకే

ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడే షుగర్ రోగులు అన్నం, సంగటి తగ్గించే ముందు డాక్టరుకు చెప్పి తీరాలి. మందు మోతాదు అలాగే ఉంచి తిండి తగ్గిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరిగి పడిపోతారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాంసకృత్తులు పెంచే పరీక్ష సొంతంగా చేయకూడదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఈ పరీక్షలేవీ వద్దు. నిఖార్సుగా తూచి రాసి రెండు మూడు పరీక్షలు చేసినా ఏమీ కదలకపోతే థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించండి. నెలసరి క్రమం తప్పుతుంటే పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) గురించి అడగండి. స్టిరాయిడ్లు, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, కొన్ని మానసిక వైద్యపు మందులు బరువు పెంచుతాయి. వాడుతున్న చీటీ తీసుకెళ్లి చూపించండి, మందులు సొంతంగా ఆపకండి. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ (హార్మోన్ల జబ్బుల) విభాగం ఉంది. మీ తూకం క్యాలెండర్, నోటుబుక్ వెంట తీసుకెళ్తే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

నాలుగు నెలల పైగా ఆగకుండా తగ్గిస్తూ వచ్చినవాళ్లు మరో మార్పు కోయడానికి బదులు రెండు వారాలు విరామం ఇవ్వడం మేలు. విరామం అంటే విచ్చలవిడిగా తినడం కాదు, రోజుకు రెండు మూడు వందల కేలరీలు, ఎక్కువగా అన్నం, సంగటి, పప్పు రూపంలో తిరిగి చేర్చుకోవడం. మొదటి నాలుగైదు రోజుల్లో అరకిలో, కిలో పెరుగుతుంది, అది పిండిపదార్థంతో వచ్చిన నీరు. తర్వాత సగటు నిలకడగా ఉంటే మీ ఒళ్లు నిలబడే కొలత ఎంతో తెలిసినట్టే. ఆ రెండో వారం సగటును పునాదిగా రాసుకుని, సోమవారం పొద్దున కాఫీ పరీక్షతో మళ్లీ మొదలుపెట్టండి.